ఆధారం దొరికిన చోటు: ప్రాణహిత లోయ, చైతన్యపురి గుట్ట

ఆధారాలు లేకుండా చరిత్ర లేదని మునుపటి పాఠంలో తెలుసుకున్నారు. ఆధారం ఎంత ముఖ్యమో, అది దొరికిన చోటు కూడా అంతే ముఖ్యం. దీనిని రెండు ఉదాహరణల ద్వారా పరిశీలిద్దాం.

మొదటిది ప్రాణహిత–గోదావరి లోయ. ఇక్కడ నదులు, సరస్సులు పొరలు పొరలుగా చేర్చిన ఇసుక, మట్టి, సున్నం కాలక్రమేణా రాళ్లుగా మారాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యమన్‌పల్లి వద్ద ఇటువంటి పొరల్లో జురాసిక్ యుగపు డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి. పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు ‘కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. మొదటి మాట కోటా శిలాపొరను, రెండవది ఊరిని సూచిస్తాయి. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం ఈ జాతిదే. అక్కడ దొరికిన 840 ఎముకలు కనీసం 12 జంతువులవి; పుర్రె మాత్రం దొరకలేదు. అంటే మనం చూసేది ఒకే జంతువు అవశేషం కాదు, శాస్త్రజ్ఞులు ముక్కలు కూర్చి చేసిన పునర్నిర్మాణం. ఏ ఎముక ఏ పొరలో దొరికిందో నమోదు చేయకపోతే దాని కాలాన్ని నిర్ణయించడం కష్టమయ్యేది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతపు బండల్లో ఇటువంటి శిలాజాలు దొరకవు. ఇవి భూగర్భంలో కరిగిన పదార్థం చల్లబడి ఏర్పడిన గ్రానైట్ రాళ్లు. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అయితే ఈ రాళ్లపై మనిషి రాసిన రాత ఉంది. అదే మన రెండవ ఉదాహరణ.

దిల్‌సుఖ్‌నగర్ తరువాతి మెట్రో స్టేషన్ చైతన్యపురి. అక్కడికి సమీపంలో మూసీ ఒడ్డున, నరసింహస్వామి ఆలయం ఉన్న గుట్టపై ఒక శాసనం ఉంది. ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్న ఈ శాసనాన్ని విష్ణుకుండిన గోవిందవర్మ కాలానికి, అంటే సుమారు క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందినదిగా పండితులు గుర్తించారు. ఇది గోవిందరాజ విహారాన్ని, భిక్షతో జీవించే పిండపాతిక భిక్షువులను ప్రస్తావిస్తుంది. గోల్కొండ కుతుబ్‌షాహీలకు దాదాపు వెయ్యేళ్ల ముందే ఈ నదీతీరంలో బౌద్ధ భిక్షువులు నివసించారన్నమాట. హైదరాబాద్ చరిత్ర 1591లో చార్మినార్‌తో మొదలైందనే సాధారణ అభిప్రాయాన్ని ఈ ఒక్క బండ సవరిస్తుంది.

ఎముకలను కొలతలతో, వివరాలతో సహా మ్యూజియంకు తరలించవచ్చు. గుట్టపై చెక్కిన శాసనం అలా కాదు. నది, గుట్ట, విహారం మధ్య సంబంధం ఆ స్థలంలోనే అర్థమవుతుంది. నగరం పెరిగేకొద్దీ ఇళ్ల కోసం, రోడ్ల కోసం ఎన్నో బండలను పగలగొట్టారు. శాసనం ఉన్న బండకు ఆ గతి పడితే నకలు మిగలవచ్చు కాని, స్థలం ఇచ్చే సాక్ష్యం మిగలదు.

శాసనాన్ని చూడడానికి వెళ్లినప్పుడు అక్షరాలపై సుద్ద, నూనె, రంగు పూయరాదు. ఉదయం లేదా సాయంత్రపు ఏటవాలు వెలుగులో అక్షరాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. బండ ఏ దిక్కుకు ఉంది, నది ఎంత దూరం, చుట్టూ ఏ కట్టడాలు ఉన్నాయో నోటు పుస్తకంలో రాసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కోటాసారస్ అస్థిపంజరాన్ని ‘పునర్నిర్మాణం’ అని ఎందుకు అంటాము?
2. చైతన్యపురి శాసనం హైదరాబాద్ చరిత్రపై మన అవగాహనను ఎలా మారుస్తుంది?
3. మీ ఊరిలోని ఒక పాత రాయిని లేదా కట్టడాన్ని చూసి, దాని స్థలం ఏమి తెలుపుతుందో పది వాక్యాలలో రాయండి.