నాలుగు బైట్ల కబురు

లినక్స్‌లో యూఐఓ అని ఒక ఏర్పాటుంది. పరికరాన్ని నడిపే డ్రైవర్‌ని లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ లోపల కాకుండా బయట, మామూలు ప్రోగ్రాముగా రాసుకోవచ్చు. ఆ ప్రోగ్రాము పరికరం తాలూకు ఫైలు చదవబోతే, ఇంటరప్ట్, అంటే పరికరం పిలుపు, వచ్చేదాకా అక్కడే నిద్రపోతుంది. లేచాక చేతికొచ్చేది నాలుగే బైట్లు: ఇప్పటిదాకా ఎన్ని ఇంటరప్ట్‌లు వచ్చాయన్న అంకె. వంటింట్లో కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టినట్టే. కిందటిసారి ఏడు, ఈసారి తొమ్మిది అంటే మధ్యలో ఒకటి వినకుండా పోయిందన్నమాట. ఇంత చిన్న కబురుతో డ్రైవర్ నడుస్తుందని తెలిసి భలే ముచ్చటేసింది. దీని తాతముత్తాతలెవరా అని వెతుక్కుంటూ పోయాను.

1954లో అమెరికాలో కట్టిన డైసియాక్ కంప్యూటర్‌లోనే పరికరాలు నడుస్తున్న ప్రోగ్రామును ఆపి తమవైపు తిప్పుకోగలిగేవి. ఆ యంత్రాన్ని ట్రైలర్లలో ఎక్కించి ఊళ్ళు తిప్పేలా తయారుచేశారు.

నా మనసు చిక్కుకుపోయింది మాత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో. 1957 ప్రాంతంలో లూప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే ఇంజనీర్లు తమ కొత్త ఎక్స్1 యంత్రానికి ఇంటరప్ట్ పెడదామన్నారు. దాని ప్రోగ్రాములు రాయాల్సింది డైక్‌స్ట్రా. ఆయన హడలిపోయాడు. అప్పటిదాకా ప్రోగ్రాములో తప్పుంటే మళ్ళీ నడిపినా అదే చోట కనబడేది, పట్టుకోగలిగేవాళ్ళు. ఇంటరప్ట్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇవాళ కనబడ్డ తప్పు రేపు కనబడదు. కొన్నాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళు పొగిడి పొగిడి ఒప్పించారని తర్వాత తనే రాసుకున్నాడు. ఒప్పుకున్నాక మొదట చూసింది, ఆపిన పని ఆపినచోటి నుంచి చెక్కుచెదరకుండా మళ్ళీ సాగుతుందా అని. ఆ పని మీదే 1959లో డాక్టరేట్ పుచ్చుకున్నాడు. కంప్యూటర్ చరిత్రలో ఇంత సద్వినియోగమైన భయం ఇంకొకటి లేదంటాను.

ఆ తర్వాత మూడు దశాబ్దాలూ ఇంటరప్ట్ చాలావరకు కెర్నెల్ సొత్తే. జర్మనీలో యోహెన్ లీట్కే తన ఎల్3, ఎల్4 మైక్రోకెర్నెల్స్‌లో దాన్ని ఒక సందేశంగా మార్చి బయటి ప్రోగ్రాముకి అందించాడు. 2007లో యూఐఓ లినక్స్ 2.6.23లో చేరింది. అయితే కెర్నెల్‌లో ఒక చిన్న ముక్క మిగలాల్సిందే. పరికరం తన ఇంటరప్ట్ లైను పట్టుకుని వదలకపోతే ఇంటరప్ట్ వెంట ఇంటరప్ట్ వచ్చిపడి, బయటి ప్రోగ్రాముకి వంతే రాదు. అందుకే ఆ ముక్క ముందు పరికరం నోరు నొక్కి, తర్వాత కబురు పంపుతుంది. పని ముగించుకుని మళ్ళీ తెరిపించడం బయటి ప్రోగ్రాము బాధ్యత. 2012లో వచ్చిన వీఎఫ్ఐఓ అనే మరో ఏర్పాటు, పరికరం ఇష్టమొచ్చిన మెమరీలో రాయకుండా కాపలా కూడా పెట్టింది. డైక్‌స్ట్రా భయపడ్డ తప్పులు పోలేదు. కానీ డ్రైవర్ బయట ఉంటే చాలావరకు కూలేది ఒక్క ప్రోగ్రామే, మొత్తం యంత్రం కాదు.

ఇంత కష్టపడి సాధించుకున్న ఇంటరప్ట్‌ని డీపీడీకే లాంటి వేగమైన నెట్‌వర్క్ డ్రైవర్లు పక్కనపెట్టేశాయి. ప్యాకెట్ వచ్చిందా, వచ్చిందా అని ఒక ప్రాసెసర్ కోర్ అదేపనిగా చూస్తూ కూర్చుంటుంది. వేగం కోసమే కావచ్చు. పని లేనప్పుడు హాయిగా నిద్రపోయే ఆ పొదుపు పోవడం మాత్రం నాకు నష్టంగానే తోస్తుంది.

మనవైపు ఇంకో నష్టం జరుగుతోంది. మోగల్లులో పుట్టిన ఏ.ఎస్.రావు సారథ్యంలో 1967లో మొదలైన హైదరాబాద్ ఈసీఐఎల్, టీడీసీ-12, టీడీసీ-316 కంప్యూటర్లు తయారుచేసింది. వాటికి పరికరాలు తగిలించి ప్రోగ్రాములు రాసినవాళ్ళ కబుర్లు రాసిపెట్టేవాళ్ళు లేక పోతున్నాయి. అలాంటివాళ్ళు మీ ఇంట్లో ఉంటే, కూర్చోబెట్టి అడగండి. వాళ్ళు చెప్పింది తెలుగులో రాసిపెట్టండి.