నార్వే భాషలో నేను, నీవు, మీరు

క్రొత్త భాషను నేర్వగోరువారు మొదట అడుగునవి నేను, నీవు, అతడు, ఆమె అను మాటలే. నార్వే భాషలో నేను అనుటకు యై, నీవు అనుటకు దూ, అతడు అనుటకు హన్, ఆమె అనుటకు హూన్ అందురు. మనమునకు వీ, పలువురను ఉద్దేశించిన మీరునకు దేరె, వారికి దీ. ఇంతటితో పాఠము ముగిసినట్లే తోచును. కాని ఎవరిని నీవు అనవచ్చును, ఎవరిని అనరాదు అను ప్రశ్నకు ఆ దేశము ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము చెప్పినది. ఆ చరిత్రను కొంత పరిశీలింతము.

శబ్దమంజరి వల్లించినవారికి అహమ్, ఆవామ్, వయమ్ అను వరుస సుపరిచితము. ప్రాచీన నార్వే భాషలోను సర్వనామములకు ద్వివచనము కలదు. నేను అనుటకు ఎక్, మేమిద్దరము అనుటకు విత్, మేమందరము అనుటకు వేర్ అనెడివారు. ఈ వేర్, సంస్కృతమందలి వయమ్ ఒకే మూలమునుండి పుట్టినవి. క్రమముగా ద్వివచనము అంతరించినది. మనము, మేము అని మన తెలుగు చూపు భేదము మాత్రము అచట లేదు. వీ అను ఒక్క మాటయే రెంటికిని చాలును.

సుమారు 1250 ప్రాంతమున నార్వేలో రాజదర్పణము అను అర్థము గల పేరుతో ఒక గ్రంథము వెలువడెను. అది తండ్రికిని కుమారునికిని నడచిన సంభాషణ. రాజులను బహువచనముతో సంబోధింపవలెనని తండ్రి బోధించును. అట్లయిన సర్వేశ్వరుని ఏకవచనముతో ప్రార్థించుట యేల అని కుమారుడు ప్రశ్నించును. దేవుడు ఒక్కడే యను విశ్వాసమును ఆ ఏకవచనము నిలుపుచున్నదని తండ్రి సమాధానము. రాజును మీరనియు దేవుని నీవనియు పిలుచు మనకు ఈ చర్చ క్రొత్తగా తోచదు.

1380లో నార్వే, డెన్మార్కులు ఒకే రాజు క్రిందికి వచ్చెను. ఆ బంధము 1814 వరకు సాగెను. ఈ కాలమున వ్రాతకు డేనిష్ భాషయే ప్రమాణమయ్యెను. జర్మనుల మర్యాద ననుసరించి, వారు అను అర్థము గల దీ అను మాటనే ఎదుటి ఒక్క పెద్దమనిషికి గౌరవముగా వాడు ఆచారము డేనిష్ ద్వారా నార్వే పట్టణములలో పాదుకొనెను. వ్రాతలో పెద్ద అక్షరముతో మొదలైనచో మీరు, చిన్న అక్షరముతో మొదలైనచో వారు. చెవికి మాత్రము రెండును ఒకటియే.

ఈ భేదము ఎంత పదునైనదో 1879లో హెన్రిక్ ఇబ్సెన్ రచించిన బొమ్మల యిల్లు నాటకము చూపును. బ్యాంకునకు క్రొత్తగా అధికారి కానున్న హెల్మర్, క్రోగ్‌స్టాడ్ అను ఉద్యోగిని తొలగింపదలచును. అతడు పూర్వము చేసిన తప్పు ఒక్కటే కారణము కాదు. చిన్ననాటి స్నేహమును పురస్కరించుకొని అతడు నలుగురిలోను తనను దూ అని పిలుచుట హెల్మర్‌కు సహింపరానిదై యుండును. ఒక్క సర్వనామము ఒకని జీవనోపాధిని కదల్చినది.

పట్టణముల భాష ఇట్లుండగా, పల్లెల నోట పాత మాటలు బ్రతికియే యుండెను. కర్షక కుటుంబమున జన్మించిన ఈవార్ ఓసెన్ 1842 నుండి 1846 వరకు ఊరూర తిరిగి ఆ పలుకులను సేకరించి, 1848లో వ్యాకరణమును, 1850లో నిఘంటువును ప్రకటించెను. 1885లో పార్లమెంటు ఆయన నిర్మించిన భాషకు డేనిష్ సంప్రదాయపు భాషతో సమాన స్థానము నొసగెను. నేడు ఒకటి నీనొష్క్ అనియు, రెండవది బూక్మోల్ అనియు ప్రసిద్ధములు. నీనొష్క్‌లో నేను అనుటకు ఎగ్, ఆమె అనుటకు హూ. మనమునకు వీతోపాటు మే అనియు వ్రాయవచ్చును. అందు పడవ అతడు, పుస్తకము ఆమె! ప్రాణము లేని వస్తువులను అది అను ఒక్క మాటతో చెప్పు అలవాటు గల మనము ఇచట కొంత జాగ్రత్త వహింపవలెను.

ఇక గౌరవవాచకము సంగతి. 1960, 1970 దశకములలో సమానత్వ భావము బలపడిన కొలది దీ అను సంబోధనము వేగముగా వెనుకబడెను. నేడు అది బహు అరుదు. విద్యార్థి ఆచార్యుని, రోగి వైద్యుని దూ అనియే పలుకుదురు. అది అమర్యాద కాదు. 2022లో స్త్రీపురుష భేదమును తెలుపని హెన్ అను సర్వనామమునకును అధికారిక భాషలో స్థానము లభించెను.

కనుక నార్వే భాష నేర్వగోరు తెలుగువారికి దూ అను పదమును పలుకుట కష్టము కాదు. పెద్దల యెదుట సంకోచము లేకుండ పలుకుటయే కష్టము. మనకు గౌరవము మీరు అను మాటలో నున్నది. ఒకప్పుడు ఒక మాటకై ఉద్యోగమునే తీసివేయ నెంచిన కథ పుట్టిన ఆ దేశమున, నేడు గౌరవము అందరిని ఒకే మాటతో పిలుచుటలో నున్నది.