అంటువ్యాధి అనుమానిత బాలల చికిత్సలో సిమ్యులేషన్ శిక్షణ

అంటువ్యాధి సోకిందన్న అనుమానంతో ఆసుపత్రికి తెచ్చిన బిడ్డకు, రోగనిర్ధారణ పూర్తికాక ముందే చికిత్స ఎలా మొదలుపెట్టాలో నిజమైన రోగిపై కాక, ఊపిరి, నాడి ఉన్న బొమ్మపై వైద్యబృందం అభ్యసించే పద్ధతి ఇది. నార్వేకు చెందిన ఆటబొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ 1960లో తెచ్చిన రిససి యాన్ అనే బొమ్మ ఇటువంటి సాధనాలకు నాంది కాగా, నేటి శిశుబొమ్మల గుండె వేగాన్ని, రక్తపోటును శిక్షకుడు కంప్యూటర్ ద్వారా మార్చగలడు.

సంక్రమణకు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితిని సెప్సిస్ అంటారు. అది షాక్‌గా ముదిరినా పిల్లల్లో రక్తపోటు చాలాసేపు నిలకడగా కనిపించి, చివరి దశలో హఠాత్తుగా పడిపోతుంది కనుక, గుండె వేగం, చేతుల చల్లదనం, వేలి కొసను నొక్కి వదిలినప్పుడు రంగు తిరిగి రావడానికి పట్టే సమయం వంటి తొలి సూచనలను గుర్తించడమే శిక్షణలో మొదటి పాఠం. షాక్‌ను గుర్తించిన గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వాలని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

సెలైన్ విషయంలో వివేచన మరింత కష్టం. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లలపై జరిగి 2011లో వెలువడిన ఫీస్ట్ అధ్యయనంలో, వేగంగా ద్రవాలు ఎక్కించిన పిల్లల్లో 48 గంటల మరణాలు సుమారు 10.5 శాతం కాగా, అలా ఎక్కించనివారిలో 7.3 శాతమే. అందుచేత ప్రతి మోతాదు తరువాత కాలేయం పెరిగిందా, ఊపిరితిత్తుల్లో నెమ్ము చప్పుడు వినిపిస్తోందా అని మళ్ళీ పరీక్షించే అలవాటును బొమ్మపైనే స్థిరపరచాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వానకాలంలో పెచ్చుమీరే డెంగీకి ఇది మరీ వర్తిస్తుంది. జ్వరం తగ్గిందని తల్లిదండ్రులు ఊరట చెందే సమయంలోనే రక్తనాళాల నుంచి ద్రవం కారి, రెండు రక్తపోటు అంకెల మధ్య తేడా 20కి కుంచించుకుపోవచ్చు.

తట్టు వంటి గాలి ద్వారా సోకే వ్యాధిని అనుమానిస్తే బిడ్డను వేరుగా ఉంచడం, మాస్కు, గౌను ధరించడం, ముఖ్యంగా వాటిని ఒంటికి మాలిన్యం అంటకుండా విప్పడం కూడా ఈ అభ్యాసంలో భాగమే.

అభ్యాసం ముగిశాక ఎవరినీ నిందించకుండా జరిపే డీబ్రీఫింగ్ అనే చర్చలోనే అసలైన నేర్పు అలవడుతుంది. ఈ శిక్షణ వల్ల వైద్యుల నైపుణ్యం పెరుగుతుందనడానికి ఉన్నంత బలమైన ఆధారాలు మరణాలు తగ్గుతాయనడానికి ఇంకా లేవు. అయినా సాదా బొమ్మ, గడియారం, అనుభవజ్ఞుడైన శిక్షకుడు ఉన్న జిల్లా ఆసుపత్రి సైతం దీన్ని తన వార్డులోనే నడపగలదు. చర్చకు సమయమివ్వని శిక్షణ మాత్రం, బొమ్మ ఎంత ఖరీదైనదైనా, అసంపూర్ణమే.