మా గురించి రాసినవాళ్లు

నారాయణఖేడ్‌ను మా వైపు అందరూ ఖేడ్ అనే అంటారు. 1956 నవంబర్ 1 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రంలో, బీదర్ జిల్లాలో ఒక తాలూకా. భాషల లెక్కన రాష్ట్రాలను పంచిన ఆ రోజున బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. అహ్మద్‌పూర్, ఉద్గీర్, నిలంగా తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బీదర్ పట్నం మైసూరులో కలిసింది. ఖేడ్, జహీరాబాద్, న్యాల్‌కల్ వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు వచ్చాయి. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఈ దారులన్నీ తిరిగిన మా లంబాడీలు ఏ తాండా దగ్గర ఆగిపోయి ఉంటే ఆ రాష్ట్రం వాళ్లయ్యారు.

తర్వాత 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. కర్ణాటకలో మావాళ్లు షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. మా మేనత్తను కర్ణాటకలోని ఔరాద్ దగ్గరి తాండాకు ఇచ్చారు. ఆమె పిల్లలూ మేమూ మాట్లాడేది ఒకే గోర్ బోలి, చేసేది ఒకే తీజ్ పండుగ. పరిశోధన ఫెలోషిప్ దరఖాస్తు దగ్గర మాత్రం వాళ్ల ఫారం వేరు, మా ఫారం వేరు, పోటీ వేరు, సీట్ల సంఖ్య వేరు.

నేను చరిత్రలో పిహెచ్‌డి చేశాను. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పరిశోధన అనే పని ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది ఖేడ్ నుంచి చూసి రాయాలని చాలా కాలంగా ఉంది. మా మీద పరిశోధనలకు ఎన్నడూ కరువు లేదు. మాలో నుంచి పరిశోధకులకే కరువు.

సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద రాసిన పెద్ద ఇంగ్లీషు గ్రంథం 1920లో వచ్చింది. లంబాడీల పెళ్లిళ్లు, చావులు, దేవతలు, బట్టలు అన్నీ అందులోకి ఎక్కాయి. అంతకు రెండేళ్ల ముందే, 1918లో, ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. ఇంగ్లీషు కాకుండా ఉర్దూలో ఉన్నత చదువు చెప్పాలన్న గొప్ప ప్రయత్నం అది. దాని కోసం తర్జుమా విభాగం పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ఆ సాహసానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ తెలుగు, కన్నడం, మరాఠీ మాట్లాడే ప్రజలే ఎక్కువగా ఉన్న రాజ్యంలో అది ఎంతమందికి అందింది? అక్షరమే అందని తాండాలకు ఉర్దూ అయినా ఇంగ్లీషు అయినా ఒకటే.

1940లలో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త చెంచులను, గోండులను చూసి రాశాడు. ఆయన విషయంలో ఒక సంగతి చెప్పి తీరాలి. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండుల కోసం బడి పెట్టించి, గోండు యువకులనే టీచర్లుగా తయారు చేయించాడు. ఎవరి గురించి రాశాడో వాళ్ల చేతికి పలక, బలపం వచ్చేలా చూసిన పరిశోధకుడు ఆయన. 1951-52లో ఎస్.సి. దూబే ఉస్మానియా బృందంతో శామీర్‌పేటను చదివి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అచ్చు వేయించారు. హైదరాబాద్ పక్కనున్న పల్లె ప్రపంచమంతటా పాఠమైంది.

మా జొన్నరొట్టె కూడా పాఠమైంది. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇవాళ జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది దాన్నే. దక్కన్‌లో జొన్న మీదే బతికే కూలీలకు చర్మం నల్లబారి పొలుసులు లేచే పెల్లాగ్రా ఎందుకు వస్తోందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా వెతికారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కారణమంటూ 1960లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. వైద్యశాస్త్రంలో పేరున్న పరిశోధన అది. రొట్టె, జబ్బు కూలీలవి. పేపర్ డాక్టర్లది. ఆ కాలంలో అదే రివాజు, ఆ డాక్టర్లను తప్పుపట్టడం లేదు. ఆ రివాజు ఇంకా పోలేదన్నదే నా బాధ.

1972లో అప్పటి మా మెదక్ జిల్లాలోనే, పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద ప్రపంచ స్థాయి సంస్థ. దాని పొలాల కోసం రెండు ఊళ్లను ఖాళీ చేయించారు. 1975 నుంచి ఆ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు లాంటి ఊళ్లలో కాపురమున్నట్టే ఉండి, ఇంటింటి ఆదాయం, కూలి, అప్పు, పంట లెక్కలు రాయించింది. ఆ లెక్కల ఆధారంగా ఎన్నో దేశాల్లో థీసిస్‌లు వచ్చాయి. ఊళ్లోనే మకాం పెట్టి ఆ పద్దులు రాసిన ఇన్వెస్టిగేటర్లు ఎంతమంది ప్రొఫెసర్లయ్యారని ఎవరైనా లెక్క తీస్తే బాగుంటుంది. 2008లో ఐఐటీ హైదరాబాద్ కూడా ఆ జిల్లాకే వచ్చింది. ఇప్పుడు కందిలో ఉంది. ఈ రెండు సంస్థలకూ ఖేడ్ వంద కిలోమీటర్ల లోపే.

నేను పిహెచ్‌డిలో చేరిన కొత్తలో యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పాత థీసిస్ చేతికొచ్చింది. టైపు మిషన్ మీద కొట్టి, నల్ల రెక్సిన్‌తో బైండు చేసిన పుస్తకం. వెన్ను మీద బంగారు అక్షరాలు సగం రాలిపోయాయి. వెనక అనుబంధంలో సమాచారం ఇచ్చినవాళ్ల పట్టిక ఉంది. మా తాండాకు పక్కనున్న తాండా పేరు కనిపించి ఆగాను. ఒక ముసలమ్మ పేరు, ఎదురుగా వయసు, కులం, చివరి గడిలో ‘నిరక్షరాస్యురాలు’. థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఆమె పాడిన పాటలే. ఏ పాట పెళ్లికి పాడాలి, ఏది తీజ్‌కు పాడాలి, ఏది చావింట్లో పాడకూడదు అన్నది విడమరిచి చెప్పింది ఆమే. ఆ అధ్యాయంలో ఎక్కడా ఆమె పేరు లేదు, ‘ఒక వృద్ధురాలు’ అని మాత్రమే ఉంది. అన్నీ చెప్పిన మనిషికి దక్కింది ఆ చివరి గడి. ఆ రోజే నా థీసిస్‌లో ఎవరు ఏది చెప్పారో ఆ వాక్యం పక్కనే వాళ్ల పేరు ఉండాలని నిర్ణయించుకున్నాను. గైడ్ సార్ ఒప్పుకున్నారు, ఆ విషయంలో అదృష్టవంతురాలిని.

మరి తాండా పిల్ల పరిశోధనకు ఎందుకు రాలేకపోతోంది? దసరా ముందు మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. చెరుకు నరికే పనికి మొగుడు పెళ్లాం కలిసి ఒక జోడి కింద లెక్క. పండుగ దాటగానే లారీల్లో, ట్రాక్టర్లలో జహీరాబాద్ వైపు, బీదర్ వైపు, మహారాష్ట్ర ఫ్యాక్టరీల వైపు పోతారు. ఉగాది దగ్గరపడితే కానీ తిరిగి రారు. చంటిపిల్లను చూసుకోవడానికి పెద్ద ఆడపిల్లను వెంట తీసుకుపోతారు. ఆ పిల్ల చదువు అక్కడికి సరి. ఊళ్లో ఉండిపోయిన పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టారు, కొందరు వాటిలో ఉండే పది పాసయ్యారు. మా యాడీ, అంటే అమ్మ, నన్ను ఇంట్లో ముసలమ్మ దగ్గర వదిలి పోయింది. నేను చదువుకున్నది అందుకే.

అంత దూరం దాటి యూనివర్సిటీకి వచ్చినవాళ్లకు 2005-06లో మొదలైన రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్ పెద్ద అండ. ఎస్సీ, ఎస్టీ ఇళ్లలో తొలి తరం పిహెచ్‌డీలు ఎందరో దాని వల్లే పూర్తయ్యాయి. తర్వాత పేరు మారి, ఎస్టీలకు గిరిజన మంత్రిత్వ శాఖ కిందికి వెళ్లింది. దేశమంతటికీ కలిపి ఏటా 750. ఏ ఫెలోషిప్పూ రానివాళ్లకు సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్‌నెట్ కింద నెలకు ఎనిమిది వేలు. 2015 అక్టోబర్‌లో అదీ తీసేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ముందు విద్యార్థులు బైఠాయించారు.

ఫెలోషిప్ మంజూరు కావడం వేరు, చేతికి రావడం వేరు. ప్రతి నెలా స్కాలర్ పని చేస్తున్నాడని గైడ్ సంతకం, హెడ్ సంతకం కావాలి. యూనివర్సిటీలో ఒక ఉద్యోగి దాన్ని పోర్టల్‌లో ఎక్కిస్తాడు, అతన్ని మేకర్ అంటారు. ఇంకొకరు సరిచూసి పంపాలి, ఆయన చెకర్. ఇద్దరిలో ఒకరు సెలవులో ఉన్నా, బదిలీ అయినా ఆ నెల డబ్బు ఆగుతుంది. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగిన పిల్లలకు అది ఇబ్బంది. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లలకు అది మెస్ బిల్లు కట్టలేకపోవడం, అప్పు చేయడం, చివరికి సీటు వదులుకోవడం. నాకు గైడ్ కేటాయించడానికే ఏడాది దాటింది. నాతో చేరినవాళ్లు సినాప్సిస్ ఇచ్చేశాక నేను రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకున్నాను.

గైడ్ దొరకకపోవడం చిన్న సంగతి కాదు. 2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చదువుతున్న సెంథిల్ కుమార్ చనిపోయాడు. ఫెలోషిప్ ఆగింది, గైడ్ లేరు. ఆ విభాగంలో గైడ్ దొరక్కుండా మిగిలినవాళ్లంతా ఎస్సీ, ఎస్టీలేనని విచారణ కమిటీ తేల్చింది. 2013లో అదే ప్రాంగణంలో మాదారి వెంకటేశ్ పోయాడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల. హాస్టల్ నుంచి వెలేశారు, ఏడు నెలల ఫెలోషిప్ అందలేదు. 2019లో రోహిత్ తల్లి రాధిక, అలాగే ప్రాణం కోల్పోయిన ముంబై డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబిదా కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. క్యాంపస్‌లలో కులవివక్షను ఆపే నిబంధనలు 2012 నుంచే ఉన్నాయి, వాటిని అమలు చేయించండి అని వాళ్లు అడగవలసి వచ్చింది.

ఇక ఉద్యోగం. పత్రికల్లో రోస్టర్ అని చదివి చాలామంది పేజీ తిప్పేస్తారు. దయచేసి ఒక్క నిమిషం ఆగండి. యూనివర్సిటీ మొత్తం పోస్టులను ఒకటిగా లెక్కేస్తే రిజర్వేషన్ శాతం ప్రకారం అందరికీ వాటా వస్తుంది. 2017లో అలహాబాద్ హైకోర్టు, విభాగాన్నే యూనిట్‌గా తీసుకోవాలంది. 2018 మార్చిలో యూజీసీ ఆ ప్రకారమే ఉత్తర్వు ఇచ్చింది. దాని లెక్కలో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడో పోస్టు ఎస్సీకి, పద్నాలుగో పోస్టు ఎస్టీకి. చరిత్ర విభాగంలో పద్నాలుగు పోస్టులు ఉన్న యూనివర్సిటీలు ఎన్ని? అంటే నా లాంటిదానికి చట్టంలో వాటా ఉంటుంది, విభాగంలో మాత్రం ఆ వంతు ఎప్పటికీ రాదు. దేశమంతా ఆందోళన జరిగాక 2019 మార్చిలో ఆర్డినెన్స్, జూలైలో చట్టం వచ్చి, కేంద్ర సంస్థల్లో పాత పద్ధతి నిలిచింది. సామాన్యులకు అర్థం కాని లెక్కతో ఒక తరం జీవితాలు తారుమారు కాబోయి ఆగాయి.

మా రాష్ట్ర యూనివర్సిటీల్లో 2017లో 1,061 పోస్టులు నింపడానికి ప్రభుత్వం అనుమతించింది. ఏళ్లు గడిచినా ఆ భర్తీ కాలేదు. పాఠాలు చెప్పే భారం కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద పడింది. నాకు పీరియడ్ లెక్కన డబ్బు. ఎండాకాలం సెలవుల్లో సున్నా. పరిశోధనకు దరఖాస్తు పెడితే ‘పర్మనెంట్ అధ్యాపకులే అర్హులు’ అంటారు. పర్మనెంట్ కావాలంటే పరిశోధన పత్రాలు చూపమంటారు.

ఆడవాళ్లకు ఇంకో అడ్డు. దర్శన్ రంగనాథన్ మన దేశంలో గొప్ప ఆర్గానిక్ కెమిస్టులలో ఒకరు. భర్త ఐఐటీ కాన్పూర్‌లో ప్రొఫెసర్ కాబట్టి, రాతలో లేని కట్టుబాటు ఒకటి అడ్డొచ్చి అక్కడ ఆమెకు ఉద్యోగం ఇవ్వలేదు. ఏళ్ల తరబడి ఫెలోషిప్‌ల మీదే పని చేశారు. 1993లో తిరువనంతపురం వెళ్లి, 1998లో హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి వచ్చి డిప్యూటీ డైరెక్టర్ అయ్యారు. 2001లో కన్నుమూశారు. అంత చదువు ఉన్న ఆమెకే అంత ఆలస్యమైతే, తాండా నుంచి వచ్చే ఆడపిల్ల సంగతి ఆలోచించండి.

అయినా మార్పు రాలేదని అనను. లంబాడీ ఇంట్లో పుట్టిన భంగ్యా భుక్యా వార్విక్‌లో పిహెచ్‌డి చేసి, నిజాం పాలనలో మా బతుకుల మీద ‘సబ్జుగేటెడ్ నొమాడ్స్’ రాశారు. ఎద్దుల వర్తకం ఎలా చితికిందో, దొంగజాతి ముద్ర ఎలా పడిందో దస్త్రాలు తీసి చూపించారు. ఇప్పుడు ఆయన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. సిరాజుల్ హసన్ పుస్తకానికీ దీనికీ మధ్య తొంభై ఏళ్లు. ఇంకా దగ్గరలో, జహీరాబాద్ వైపు దళిత మహిళా రైతులు డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల్లో కెమెరా పట్టి, వరంగల్ జిల్లాలో బీటీ పత్తి నష్టాన్ని తామే చిత్రించారు. 2008లో మాచ్‌నూరు నుంచి సంఘం రేడియో మొదలుపెట్టారు. వాళ్లను ఎవరూ స్కాలర్లు అనలేదు. చేసింది మాత్రం పరిశోధనే.

ఖేడ్‌కు సర్వేలకు వచ్చే సంస్థలకు, యూనివర్సిటీలకు నా మనవి. మా పిల్లలను ఫీల్డ్ పనికి పెట్టుకుంటే రాతపూర్వకంగా జీతం మాట్లాడండి. పేపర్ అచ్చు వేసేటప్పుడు పేరు వేయండి. థీసిస్ ప్రతి ఒకటి ఖేడ్ గ్రంథాలయానికి పంపండి. ఫెలోషిప్ ఏ నెలది ఆ నెల ఇవ్వండి, గైడ్‌ను చేరిన రోజే చూపించండి. తాండాల్లో పీజీ చివరి ఏడాది చదువుతున్న చెల్లెళ్లు ఇది చదివితే ఒక మాట: యూజీసీ నెట్ పరీక్ష మామూలుగా ఏటా రెండుసార్లు, జూన్, డిసెంబర్‌లలో ఉంటుంది. పీజీ పూర్తి కాకముందే రాయొచ్చు. నోటిఫికేషన్ రాకముందే కుల ధ్రువీకరణ పత్రం తెచ్చి పెట్టుకోండి.