గానుగ పొయ్యి నుంచి హిమాద్రి దాకా

గానుగ కాలంలో అనకాపల్లి పల్లెలలో బెల్లపు పెనం పక్కన నిలబడి చలి కాచుకున్నవారికి ఉత్తర ధ్రువం మాట ఎత్తితే నవ్వు రావచ్చు. మనది 17వ ఉత్తర అక్షాంశం దాటిన ఊరు. స్వాల్‌బార్డ్ ద్వీపాలలోని న్యూ ఓలెసుండ్ 79వ అక్షాంశానికి దగ్గర. అయినా తెలుగునేల మీదుగా అక్కడికొక దారి ఉన్నది. ఆ దారి మన పొరుగున విశాఖ రేవులోనే మొదలైందని నా అభిప్రాయం.

1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్రశాస్త్రవేత్త ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ గారు అప్పుడక్కడ ఉన్నారు. విద్యార్థులు భారత నౌకాదళం ఓడలెక్కి బంగాళాఖాతపు నీటిని లోతుల వారీగా సీసాలకెత్తారు, ఉష్ణోగ్రతలు కొలిచారు. ఆ ఫలితాలు 1954లోనూ, 1958లోనూ విశ్వవిద్యాలయ సంపుటాలుగా వెలువడ్డాయి. విశాఖ తీరానికి ఎదురుగా కడలి అడుగున ఉన్న ఒక లోయకు మహదేవన్ గారి పేరే ఉన్నది. ఓడ ఊపుకు కడుపులో తిప్పుతుండగా అంకెలు రాసుకోవడం అలవాటైతే తప్ప సముద్రశాస్త్రం ఒంటబట్టదని ఆ తరం గ్రహించింది.

మంచునేలల చదువు మాత్రం హైదరాబాదులో సాగింది. అంటార్కిటికాలోని షిర్మాకర్ ఒయాసిస్సు మట్టి నుంచి సీసీఎంబీకి చెందిన ఎస్. శివాజీ బృందం వేరుచేసిన సూక్ష్మజీవికి 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కటికస్ అని పేరు పెట్టారు. 2007 ఆగస్టులో భారతదేశపు తొలి ఆర్కిటిక్ యాత్ర బయలుదేరింది. 2008 జులై 1న న్యూ ఓలెసుండ్‌లో హిమాద్రి కేంద్రం ప్రారంభమైంది. అది ఒకనాటి బొగ్గుగనుల ఊరు. 1962లో గని పేలి 21 మంది మరణించాక తవ్వకాలు ఆగిపోయి, క్రమంగా పరిశోధకుల ఊరైంది.

అక్కడి కాంగ్స్‌ఫియోర్డ్ నీరు, మిడ్ట్రె లోవెన్‌బ్రీన్ హిమానీనదపు కరుగునీటి వాగులోని ఒండ్రు, సీసీఎంబీ ప్రయోగశాలకు చేరాయి. పరిశోధక విద్యార్థులు వాటిని చల్లటి గదులలో పెంచారు. మన వేడికి గంటలలో పెరిగే సూక్ష్మజీవులకు అలవాటుపడిన కళ్ళకు ఇవి సహనపరీక్ష. అంత చలిలో ఇవి ఎలా బతుకుతాయో చెప్పడానికి మన వంటిల్లు చాలు. చలికాలంలో నెయ్యి గడ్డకడుతుంది, నువ్వులనూనె కట్టదు. ఈ జీవులు తమ కణపొరలలో నూనెవంటి కొవ్వుల పాలు పెంచుకుని పొర బిగుసుకోకుండా కాపాడుకుంటాయి. కొవ్వును, పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను చలిలోనే విడగొట్టే వాటి ఎంజైములను గురించి 2009లో పత్రాలు వెలువడ్డాయి. చన్నీటిలో పనిచేసే బట్టల సబ్బుపొడికి పనికొచ్చేవి ఇటువంటివే. 2013లో ఆర్కిటిక్ మట్టి నుంచి ఏకంగా ఒక కొత్త ప్రజాతినే ఇదే ప్రయోగశాల ప్రకటించింది: ఆర్కిటిసిబాక్టర్ స్వాల్‌బార్డెన్సిస్.

ఇక్కడొక ప్రశ్న నన్ను వదలదు. యాత్రలో చోటు దొరికేది కొద్దిమందికే. మిగిలినవారు గాజుగొట్టంలోని ఒండ్రును చూసే ఆర్కిటిక్‌ను నేర్చుకోవాలి. ఇది క్షేత్రాధ్యయనమేనా? సగమేనంటాను. ఎక్కడ తవ్వాలి, తన చేతి సూక్ష్మజీవి నమూనాలో కలవకుండా ఎలా తీయాలి, ధ్రువపు ఎలుగు వస్తుందేమోనని తుపాకీ దగ్గరుంచుకుని పని ఎలా సాగించాలి అన్నవి గొట్టం చెప్పదు. చుట్టూ పరికరాల కొలతలు చెడకుండా ఆ ఊళ్ళో సెల్ ఫోన్ల వైఫై కూడా ఆపివేయాలన్న నిబంధన ఒక్కటే ఒక పాఠం. విశాఖ విద్యార్థులకు 1952లో దొరికిన ఓడ, హైదరాబాదు విద్యార్థులలో ఎక్కువమందికి దొరకలేదు.

మరో లోటు కాలానిది. 2014 జులైలో కాంగ్స్‌ఫియోర్డ్ నీటిలో దించిన ఇండార్క్ పరికరాల వరుస మనుషులు లేని నెలలలోనూ కొలుస్తుంది. దాని రూపకల్పనలో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వారి చేయి కూడా ఉన్నది. మనుషులు మాత్రం చాలా ఏళ్ళు ముఖ్యంగా వేసవి పరిశోధకులే. వెలుగులో బతికే జీవులను చదివాం, చీకటిలో అవే ఏం చేస్తాయో చూడలేదు.

2023 డిసెంబరులో తొలి శీతాకాల బృందం హిమాద్రికి బయలుదేరింది. అప్పటికి అక్కడ సూర్యుడు కనుమరుగై రెండు నెలలు కావస్తున్నది. మన వైపు గానుగలు తిరుగుతున్న రోజులవి.