విద్వద్గద్వాలలో ధారణాశక్తి



కృష్ణా తుంగభద్రల నడుమ నున్న మన నడిగడ్డలో గద్వాల సంస్థానమునకు 'విద్వద్గద్వాల' యని పూర్వమొక ప్రసిద్ధి యుండెను. కార్తిక మాఘ మాసములందు నచట పండితసభలు జరుగుచుండెను. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు సంస్థానములును కవిపండితులను పోషించినవే. తిరుపతి వేంకటకవులు, అనగా దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, ఈ సీమకు వచ్చి గద్వాల, ఆత్మకూరు ప్రభువుల మన్ననలు పొందిరి.

శతావధానమున నూర్గురు పృచ్ఛకులు కూర్చుందురు. అవధాని యొక్కొక్కరికి నొక్కొక్క పాదము చొప్పున నాలుగు ఆవృత్తములు సాగించును. తుదకు నన్నూఱు పాదములను మరల నప్పగించును. అదియే ధారణ. చూచినవారు దానిని సరస్వతీ ప్రసాదమనిరి. నేను బాల్యమున గురువుగారి యరుగుపై అమరము వల్లించినవాడను గనుక, ఆ ప్రసాదములో వల్లెవేతకును కొంత పాలున్నదని నాకు చిరకాలముగా ననుమానము.

శరీరశాస్త్రజ్ఞులు దీనిని గూర్చి యేమందురో చూతము. ముప్పది లక్షల యేండ్లనాడు ఆఫ్రికాలో తిరిగిన మన పూర్వజాతుల మెదడు సుమారు 450 ఘన సెంటీమీటర్లు. మనది దానికి మూడింతలు. అప్పుడే పుట్టిన శిశువు మెదడు పెద్దవాని మెదడులో నాలుగవ వంతు మాత్రమే తూగును. ఆఱేండ్లు నిండునప్పటికి పదింట తొమ్మిది పాళ్లు పెరుగును. నాడీకణములు చాలవరకు తల్లి గర్భముననే యేర్పడును గాని, వాని నడుమ సంబంధములు పుట్టిన పిమ్మట విస్తారముగా నల్లుకొనును. మనుష్యులు నడచెడి బాట నిలుచును, నడవని బాటపై గడ్డి మొలచును, మెదడులోను నట్లే. తూకమును బట్టి మేధను నిర్ణయింపరాదు. 1955లో గతించిన ఐన్‌స్టీను మెదడు సుమారు 1230 గ్రాములు. సామాన్య పురుషుల సగటుకంటె తక్కువయే!

2016లో నొక పరిశోధన ప్రకటింపబడెను. బాల్యమునుండి యజుర్వేదము కంఠస్థము చేసిన 21 మంది వేదపండితుల మెదళ్లను, అట్టి యభ్యాసము లేని 21 మంది మెదళ్లతో పోల్చిరి. భాషకును జ్ఞాపకమునకును సంబంధించిన కొన్ని భాగములు పండితులలో నధికముగా వృద్ధి చెందియుండెను. అయినను ఒక శంక మిగులును. అభ్యాసము వలన మెదడు మాఱెనా, అట్టి మెదడు గలవారే యధ్యయనమున నిలిచిరా? ఈ శంకకు సమాధానము లండను నగరమున కొంత దొరకినది. అచట టాక్సీ నడుపువారు వేలకొలది వీధులను కంఠస్థము చేసి పరీక్షలో నెగ్గవలయును. అభ్యాసమునకు ముందును పిదపను వారి మెదళ్లను చిత్రించి, 2011లో ఫలితములు ప్రకటించిరి. ఆరంభమున నందఱును ఒక్కతీరుననే యుండిరి. పరీక్షలో నెగ్గినవారికి మాత్రము జ్ఞాపకస్థానములో నొక భాగము పెరిగెను. ఒక్కతీరుగా మొదలిడినను అందఱును నెగ్గలేదు సుమా! పుట్టుకతో వచ్చు భేదము లేదని నేననను; సాధన లేక ఆ భేద మెంతటిదో తెలియదు.

మన సంస్థానముల కీర్తిని ఈ వెలుగున చూచిన నాకు కొంత చింత కలుగుచున్నది. పాలేరు బిడ్డకును, చాలవరకు ఆడుపిల్లకును గురువుగారి యరుగుపై చోటు లేకుండెను. వారికి ధారణ లేదని యెవరు పరీక్షించిరి? అక్షరము రాని శారదకాండ్రు తెల్లవారు వరకు కథ నడుపుట మీరు వినియే యుందురు.

సంస్థానములు స్వాతంత్ర్యానంతరము ముగిసెను. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలాయెను. 2011 జనాభా లెక్కలను బట్టి చూచిన, విద్వద్గద్వాల పేరు మోసిన ఆ జిల్లా సీమలో అక్షరాస్యులు ఇంచుమించు సగము మంది. అచ్చటి పత్తి విత్తన చేలలో పిల్లలచే పని చేయించుట అనేక పరిశీలనలలో వ్రాయబడినది. మగపూవు పుప్పొడిని ఆడుపూవునకు చేతితో నంటింపవలయును. అందుకు చిన్న వ్రేళ్లు అనువని చెప్పుదురు. ఆ పని వచ్చునది వానకారున, బడులు నడచు దినములలో.