ఎత్తుకు వెల: కువైట్ చమురు, కొండ సైకిలు, హెలికాప్టరు

కువైట్ నగరం నుంచి జహ్రా దాటి ఇరాక్ సరిహద్దు వైపు సాగే 80వ నంబరు రహదారి ఒకే ఒక్కచోట చెప్పుకోదగ్గ ఎత్తు ఎక్కుతుంది. ఆ చోటు పేరు ముత్లా. కువైట్ అఖాతపు ఉత్తరపు ఒడ్డు వెంబడి నడిచే జాల్ అల్-జోర్ అనే గట్టులో అదొక భాగం. గట్టు మొత్తం మీద గరిష్ఠమైన ఎత్తు సుమారు 145 మీటర్లు. దేశపు నైరుతి మూలన సాల్మీ సరిహద్దు దగ్గర నేల మెల్లమెల్లగా పెరిగి 300 మీటర్లను అందుకుంటుంది గాని, చూసేవారికి అది మైదానంగానే కనిపిస్తుంది. మోకాలిమెట్టు ఎక్కి తిరుమల చేరిన కడప జిల్లా మనిషికి ముత్లా గుట్టగా కూడా తోచదు. సైకిలు మీద దాని పైనుంచి బయలుదేరినవాడు రెండు మూడు నిమిషాల్లో కిందికి వచ్చేస్తాడు.

ఇటువంటి దేశాన్ని ఎదురుగా పెట్టుకొని, సైకిళ్ళను హెలికాప్టర్‌లో కొండకొమ్ముకు చేర్చి అక్కడినుంచి దిగివచ్చే క్రీడ గురించి మాట్లాడటం వింతగానే ఉంటుంది. ఆ క్రీడకు నెలవులు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, న్యూజిలాండ్ దక్షిణ దీవి వంటి చోట్లు. రోడ్డు గాని, తీగమార్గం గాని చేరని శిఖరం మీద నలుగురైదుగురు మనుషులను దించి హెలికాప్టరు వెళ్ళిపోతుంది. సైకిళ్ళు దాని పక్కన అమర్చిన చట్రంలోనో, కింద వేలాడే వలలోనో వస్తాయి. తరవాత చెట్లు మొలవని రాతినేల మీదుగా, పచ్చికబయళ్ళ మీదుగా, అడవిలోకి వెయ్యి మీటర్లూ అంతకు పైబడీ దిగుడు. ఎక్కడం అనేది వారి రోజులో ఉండదు. ఈ క్రీడ చరిత్ర అంతా నిజానికి ఎక్కే శ్రమను ఎవరి మీదకో, దేని మీదకో నెట్టిన చరిత్ర. చివరికి అది ఇంధనం మీద పడింది. ఆ ఇంధనపు వెలను తలకిందులు చేసిన నిర్ణయాలు జరిగింది కువైట్ నగరంలోనే.

1973 అక్టోబరు 6న అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం మొదలైంది. పది రోజుల తరవాత, 16వ తేదీన, గల్ఫ్ చమురు దేశాల మంత్రులు కువైట్‌లో కూర్చొని ముడిచమురు ప్రకటిత ధరను పీపాకు మూడు డాలర్ల దగ్గరనుంచి ఒక్కసారిగా ఐదు డాలర్లకు పైకి తెచ్చారు. కంపెనీలతో బేరమాడకుండా ఉత్పత్తిదారులే ధర నిర్ణయించుకోవడం అప్పటికి కొత్త. మరునాడు అదే నగరంలో అరబ్బు మంత్రులు నెలనెలా ఐదు శాతం చొప్పున ఉత్పత్తి తగ్గించాలని తీర్మానించారు. అమెరికాకు ఎగుమతుల నిషేధం వెంటనే వచ్చింది. 1974 జనవరి నాటికి పీపా ధర పదకొండు డాలర్లు దాటింది.

ఈ దెబ్బకే అమెరికన్లు కార్లు వదిలి సైకిళ్ళెక్కారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. అమెరికాలో సైకిళ్ళ వెల్లువ 1970-71లోనే మొదలైంది. పర్యావరణ చైతన్యం, వ్యాయామం మీద మోజు, పది గేర్ల యూరోపియన్ సైకిళ్ళ రాక దానికి కారణాలు. 1972 నుంచి మూడేళ్ళపాటు ఆ దేశంలో కార్లకన్నా సైకిళ్ళే ఎక్కువ అమ్ముడయ్యాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన ఆ చలికాలం అప్పటికే లేచిన అలను మరికొంత నిలిపింది, అంతే. 1975 వచ్చేసరికి అంగళ్ళలో సరుకు పేరుకుపోయింది. కానీ ఆ అల ఒక తరాన్ని సైకిళ్ళ మీద వదిలి వెళ్ళింది. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు వారాంతాల్లో నడిచే టామల్పాయిస్ కొండ చుట్టూ, మరిన్ కౌంటీలో, ఆ తరంలోని కొందరు పందెపు సైకిళ్ళ కుర్రాళ్ళు చెత్తసామాను దుకాణాల్లో 1930ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళు వెతకసాగారు. లావుపాటి టైర్లున్న ఆ బళ్ళు రాళ్ళదారిలో కూడా విరగవన్నదే వారికి కావలసిన గుణం.

ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర అగ్నిమాపక వాహనాల కోసం వేసిన మట్టిదారి ఒకటి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో 400 మీటర్లు దిగుతుంది. 1976 అక్టోబరు 21న చార్లీ కెల్లీ ప్రభృతులు అక్కడ మొదటి పందెం పెట్టారు. ఒక్కొక్కరినే గడియారం చూసి వదిలేవారు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనుక చక్రపు ఇరుసులో ఉండేది. పెడలును వెనక్కి తొక్కితే పట్టేది. దిగి వచ్చేసరికి ఇరుసు కాలి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతి దిగుడు తరవాతా ఇరుసు విప్పి మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు. మొదటి పందెంలో గెలిచిన అలన్ బాండ్స్ ఘనత, తక్కినవారంతా పడిపోగా తాను పడకపోవడం. గ్యారీ ఫిషర్ నాలుగు నిమిషాల ఇరవైరెండు సెకన్లలో దిగి నెలకొల్పిన రికార్డు నేటికీ చెప్పుకుంటారు. జో బ్రీజ్ 1977లో ఇలాంటి దారి కోసమే ప్రత్యేకంగా చట్రం తయారుచేశాడు. 1979లో ఫిషర్, కెల్లీ పెట్టిన చిన్న కంపెనీ పేరే ‘మౌంటెన్ బైక్స్’. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఆ బండి కార్ఖానా సరుకైంది.

ఈ కథ చెప్పేవారు తరచు దాటేసే చిన్న వివరం ఒకటుంది. రీప్యాక్ కుర్రాళ్ళు పైకి తొక్కుకుంటూ వెళ్ళిన రోజులున్నాయి, సైకిళ్ళను పికప్ ట్రక్కులో పడేసుకొని వెళ్ళిన రోజులూ ఉన్నాయి. అంటే ఎక్కుడును ఇంజనుకు అప్పగించడం హెలికాప్టర్‌తో రాలేదు, క్రీడ పుట్టుకలోనే ఉంది. 1985లో కాలిఫోర్నియాలోని మామత్ మంచుకొండ మీద కామికాజీ పందెం మొదలైంది. 1989లో రాక్‌షాక్స్ కుదుపు తట్టుకొనే ముందు ఫోర్కు అమ్మకానికి తెచ్చింది. 1990లో డురాంగోలో జరిగిన తొలి ప్రపంచ పోటీల్లో దిగుడు పందెం విడి విభాగమైంది. 1999లో విస్లర్‌లో స్కీయింగ్ వారి తీగమార్గం మీద సైకిళ్ళను ఎక్కించే ఉద్యానం తెరిచారు. బండి పూర్తిగా దిగడానికే అన్నట్టు మారిపోయింది. బరువు పెరిగింది, స్ప్రింగులు ముందూ వెనకా చేరాయి, ఎక్కే గేర్లు తగ్గాయి. అలాంటి బండితో కొండెక్కడం ఇక శిక్షే.

హెలికాప్టరు వేరే దారిన వచ్చి ఈ కథలో కలిసింది. పౌర వినియోగానికి ధ్రువీకరణ పొందిన తొలి హెలికాప్టరు బెల్ 47, ఆ పత్రం దానికి దక్కింది 1946 మార్చి 8న. అదే సంవత్సరం జూన్ 30న కువైట్ తన మొదటి ముడిచమురు ఓడను పంపింది. బుర్గాన్‌లో చమురు 1938లోనే పడినా, ప్రపంచయుద్ధం ఎగుమతిని ఆపి ఉంచింది. ఈ రెండు తేదీలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ గనులు, చమురు వెతికే భూగర్భశాస్త్రవేత్తలే మారుమూల కొండల్లో హెలికాప్టర్లకు తొలి ఖాతాదారుల్లో ఉన్నారన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. కాల్గరీకి చెందిన ఆర్ట్ ప్యాటర్సన్ అనే భూగర్భశాస్త్రవేత్త వేసవి సర్వేల్లో వాడే యంత్రాలు చలికాలంలో ఖాళీగా ఉండటం గమనించి, ఆస్ట్రియాలో పుట్టిన గైడు హాన్స్ గ్మోసర్‌కు ఒక ఆలోచన చెప్పాడు. 1965లో గ్మోసర్ బ్రిటిష్ కొలంబియాలోని బుగాబూ కొండల్లో హెలికాప్టర్ స్కీయింగ్‌ను వ్యాపారంగా మొదలుపెట్టాడు. ఆపైన మంచు కరిగిన నెలల్లో ఆ యంత్రాలకూ, వాలులకూ మళ్ళీ పని కావలసివచ్చింది. అప్పటికి చేతికందిన సరుకు సైకిలు.

పర్వతాల్లో తిరిగే చిన్న టర్బైన్ హెలికాప్టరు గంటకు సుమారు 150 నుంచి 200 లీటర్ల ఇంధనం తాగుతుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది. కాబట్టి బరువు కూడికలు, తీసివేతలు చూసుకోకుండా ఎవరినీ ఎక్కించరు. వేడిగాలి కూడా పలచటిదే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన కువైట్‌లో, ఎత్తు లేకున్నా పైలట్లకు ఆ లెక్క తప్పదు. ఇంధనం తినని వాహనాన్ని ఇంత ఇంధనం పోసి ఎత్తుకు చేర్చడంలోని వైపరీత్యం అందరికీ నచ్చలేదు. ఫ్రాన్స్ 1985 నాటి పర్వత చట్టంతోనే వినోదం కోసం మనుషులను కొండల మీద దించడాన్ని నిషేధించింది. బ్రిటిష్ కొలంబియాలో అడవి కారిబూల మీద ఆ మోత ప్రభావం ఏమిటన్నది నడుస్తున్న వివాదం.

1973 నాటి నిర్ణయాల రెండో ఫలితం కొండల వైపు కాక రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు నడిచింది. కువైట్‌కు మనవారి రాకపోకలు అంతకుముందూ ఉన్నాయి. 1961 దాకా అక్కడ చెల్లింది రూపాయే. కానీ ధర పెరిగిన చమురు సొమ్ముతో రోడ్లు, ఆస్పత్రులు, విల్లాలు లేస్తున్నప్పుడు డ్రైవర్లు, తాపీపనివారు, వంటవారు, గొర్రెలు కాసేవారు వేల సంఖ్యలో కావలసివచ్చారు. కడప నుంచి మగవారు, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామాలుగా స్త్రీలు విమానమెక్కారు. వీరికి సైకిలు ఆటవస్తువు కాదు. పుట్టిన ఊళ్ళో అది పాలబిందెలు మోసిన బండి, కువైట్ వీధుల్లో కారు కొనలేని కూలివాడి బండి. ఎత్తు వచ్చినచోట దిగి తోసుకుపోవడమే దాని మర్యాద.

ముత్లా మీదికి హెలికాప్టర్లు వచ్చిన కాలం కూడా ఒకటుంది. 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాకీ ప్రత్యేక దళాలు హెలికాప్టర్లలో కువైట్ నగరంలో దిగాయి. వారి టాంకులు ముత్లా గట్టు దిగి జహ్రా వైపు వచ్చాయి. జహ్రా దగ్గర కువైట్ 35వ బ్రిగేడ్ వాటిని కొన్ని గంటలు నిలువరించింది. ఆ తరవాతి వారాల్లో కడప, గోదావరి మనుషులు అనేకులు చేతిసంచులతో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా నడిపిన దాదాపు ఐదువందల విమానాల్లో లక్షా డెబ్భైవేలకు పైగా భారతీయులు ఇల్లు చేరారు. 1991 ఫిబ్రవరి 25-26 రాత్రి తిరుగుముఖం పట్టిన ఇరాకీ వాహనశ్రేణి అదే గట్టు ఎక్కుతుండగా అమెరికన్ విమానాలు ముందునూ వెనుకనూ కొట్టి దారి మూసేశాయి. 26న అమెరికా సైన్యపు టైగర్ బ్రిగేడ్ మందుపాతరలు దాటుకుంటూ వచ్చి గట్టును స్వాధీనం చేసుకుంది. కాలిన కార్లు, బస్సులు, లారీలతో నిండిన ఆ ఎక్కుడు ఫొటోలే ‘మృత్యు రహదారి’ పేరుతో లోకమంతా తిరిగాయి.

యుద్ధానంతరం దేశాన్ని భాగాలుగా పంచి లక్షలాది మందుపాతరలను వెలికితీశారు. ఆ పనిలో బంగ్లాదేశ్, పాకిస్తాన్ మనుషులు కూడా ప్రాణాలొడ్డారు. గట్టులో కొంత భాగం ఇప్పుడు కంచె వేసిన సబా అల్-అహ్మద్ అభయారణ్యం. సుమారు ఇరవై ఎనిమిది వేల ఇళ్ళ స్థలాలతో ముత్లా అనే కొత్త నగరమే లేస్తోంది. నవంబరు నుంచి మార్చి దాకా కువైటీ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. వాలుల మీద పిల్లలు నాలుగు చక్రాల బగ్గీలు తోలతారు. గుడారాలకు మేకులు కొట్టేదీ, జనరేటర్లలో పెట్రోలు పోసేదీ చాలావరకు మన దేశాలనుంచి వెళ్ళినవారే. వానపడి ఇసుక కదిలినప్పుడు పాత పేలుడు సామగ్రి అక్కడక్కడ ఇప్పటికీ పైకి తేలుతుంటుంది. తెలియని లోహపు ముక్క కనిపిస్తే ముట్టుకోవద్దని అక్కడివారికి చెబుతూనే ఉంటారు.